కంచు మనిషికి ఒకటే నరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ‘ది టాలోస్ ప్రిన్సిపుల్’ అనే వీడియో గేమ్‌ను పరిచయం చేసినప్పుడు, పజిళ్లంటే చెవి కోసుకునే కొద్దిమంది తప్ప ఎవరూ దాని జోలికి పోరని అనుకున్నాను. వచ్చిన ఉత్తరాలు ఆ అంచనాను తలకిందులు చేశాయి. ఆడి మెచ్చుకున్నవారు, సగంలో విసిగి వదిలేసినవారు, అసలు ఆడకుండానే వాదనకు దిగినవారు కూడా రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, పొడవైన వాటిని కుదించి జవాబులు ఇస్తున్నాను. కథా రహస్యం బయటపడే చోట ముందే హెచ్చరించాను.

ప్రశ్న: నేను ఈ ఆట ఆడలేదు. మీ పరిచయం చదివాక కూడా ఇందులో ఆడేది ఏమిటో, తత్త్వం ఏమిటో నాకు విడిపడలేదు. ఇంతకూ ఈ టాలోస్ ఎవరు? (ఒక అధ్యాపకురాలు)

జవాబు: ముందు ఆడేది ఏమిటో చెబుతాను. మీరు ఒక శిథిల నగరంలో కళ్లు తెరుస్తారు. చేతులు చూసుకుంటే అవి యంత్రం చేతులు. ఆకాశం నుంచి ఒక గంభీరమైన గొంతు వినిపిస్తుంది. తన పేరు ఎలోహిమ్ అని, ఈ తోటలన్నీ మీకోసమే సృష్టించానని, వాటిలో తిరిగి ముద్రలు సేకరిస్తే నిత్యజీవితం దక్కుతుందని, అయితే దూరంగా కనిపించే ఆ గోపురం మాత్రం ఎక్కకూడదని చెబుతుంది. ఒక్కో ముద్ర ఒక్కో ఆవరణలో, తలుపుల వెనుకనో మందుపాతరల మధ్యనో ఉంటుంది. తలుపును పనిచేయకుండా ఆపే జామర్, కాంతి కిరణాన్ని మలుపు తిప్పే కనెక్టర్, ఎక్కి నిలబడటానికి ఒక పెట్టె, పైకి ఎగరేసే ఫ్యాన్, ఇంకొంత దూరం పోయాక మన కదలికలను నమోదు చేసి మన నకలును మన పక్కనే నడిపించే రికార్డర్ దొరుకుతాయి. ఇలాంటి పజిళ్లు 120కి పైగా ఉన్నాయి. మామూలుగా అంతా ఫస్ట్ పర్సన్ చూపులో, అంటే యంత్రం కళ్లతో మనం చూస్తాం.

తోటల్లో అక్కడక్కడా పాత కంప్యూటర్ టెర్మినళ్లు ఉంటాయి. వాటిలో అంతరించిపోయిన మనుషుల ఉత్తరాలు, పాడైపోయిన వ్యాసాల ముక్కలు, ఎప్పటివో సంభాషణలు మిగిలి ఉంటాయి. కొంతకాలానికి అవే టెర్మినళ్లలో మిల్టన్ అనే ఒక ప్రోగ్రామ్ మేల్కొని మిమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది.

ఇక టాలోస్. గ్రీకు పురాణంలో అతను క్రీట్ ద్వీపానికి కాపలా కాసే కంచు మనిషి. రోజుకు మూడుసార్లు ద్వీపాన్ని చుట్టి వస్తాడు. అతని ఒంట్లో మెడ నుంచి మడమ దాకా ఒకటే నరం, దానికి మడమ దగ్గర ఒక మేకు బిరడాగా ఉంటుంది. మీడియా అనే మంత్రగత్తె వల్ల ఆ మేకు ఊడిపోతే లోపలి ద్రవమంతా కారిపోయి అతను కూలిపోతాడు. ఆటలో స్ట్రాటన్ అనే ప్రాచీన తత్త్వవేత్త ఈ కథనుంచి ఒక వాదం లాగుతాడు. కంచుతో చేసిన టాలోస్ నడిచాడు, మాట్లాడాడు, నరం ఖాళీ అయితే చచ్చిపోయాడు. మనిషి తనను తాను ఎంత గొప్పగా ఊహించుకున్నా రక్తం పోతే చచ్చిపోతాడు. అలాంటప్పుడు మనకూ ఆ యంత్రానికీ ఉన్న తేడా పదార్థంలో మాత్రమే కదా అంటాడు. ఈ స్ట్రాటన్ గురించి గ్రంథాలయాల్లో వెతికామని ఇద్దరు పాఠకులు రాశారు. శ్రమపడకండి, అతను రచయితలు కల్పించిన మనిషి. వాదం మాత్రం మనకు కొత్తది కాదు. మద్యం తయారీలో వాడే దినుసుల్లో దేనిలోనూ విడిగా లేని మత్తు అవి కలిసి పులిసినప్పుడు పుట్టినట్టే, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు కలిసినప్పుడు చైతన్యం పుడుతుందని చార్వాకులు ఎప్పుడో అన్నారు. ఆట మొత్తానికి ఆధారం ఈ ఒక్క అనుమానమే.

ప్రశ్న: పజిళ్లు అద్భుతం. కానీ రెండు పజిళ్లకు ఒకసారి ఎవరో ఎప్పుడో రాసుకున్న డైరీలు చదవమంటే నాకు చిరాకేస్తుంది. ఆ రాతలన్నీ తరవాత అతికించినట్టు అనిపించాయి. వదిలేస్తే నేనేమైనా కోల్పోతానా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: మీ ముక్కు సరిగ్గానే పసిగట్టింది. కథ నిజంగానే తరవాత వచ్చింది. దీన్ని చేసిన క్రోటీమ్ క్రొయేషియాకు చెందిన సంస్థ. తుపాకులు పట్టుకుని వెనక్కి పరుగెత్తుతూ గుంపులు గుంపులుగా వచ్చే రాక్షసులను కాల్చే ‘సీరియస్ సామ్’ ఆటలతో దానికి పేరు వచ్చింది. ఆ వరుసలో నాలుగో ఆట కోసం పనిచేస్తూ, తలుపులను జామ్ చేసే ఒక పరికరంతో కొన్ని చిక్కులు తయారుచేసుకున్నారు. అవి ఎంత బాగా కుదిరాయంటే, కాల్పుల ఆటలో వాటిని ఇరికించడం మానేసి వాటికోసమే వేరే ఆట కట్టారు. రాయడానికి టామ్ జుబర్ట్, జోనస్ కిరాట్జెస్ అనే ఇద్దరిని పిలిచారు. జుబర్ట్ అంతకుముందే ‘ది స్వాపర్’ అనే ఆటకు రాశారు. తన నకళ్లను తానే తయారుచేసుకుని, వాటిలోకి మారిపోతూ ముందుకు పోయే మనిషి కథ అది. అందుచేత ఈ కొలువు ఆయనకు కొత్తేమీ కాదు. ఆట 2014 డిసెంబర్‌లో విడుదలైంది.

అయితే తరవాత వచ్చిందంతా అతుకే అవుతుందని నేను ఒప్పుకోను. ప్రతి ఆవరణ వాకిట్లో ఒక ఊదారంగు తెర ఉంటుంది, గుర్తుందా? మీరు దాన్ని దాటి పోవచ్చు గానీ చేతిలోని పరికరం దాటదు. అంటే ఈ చిక్కును ఈ సామానుతోనే, ఈ గోడల మధ్యనే విప్పాలన్నది ఆట పెట్టిన కట్టుబాటు. పది పజిళ్లు విప్పేసరికి దాన్ని ప్రకృతి నియమంలా నమ్మేస్తాం. ఆ తరవాత ఎక్కడో గోడ మీదనో, చేతికందని గట్టు మీదనో ఒక నక్షత్రం కనిపిస్తుంది. ఆ ఆవరణలో ఉన్న సామానుతో అది ఎంతకీ దొరకదు. చాలాసేపటికి తడుతుంది: తెర ఆపేది పరికరాన్నే, కాంతిని కాదు. ఒక ఆవరణలో పుట్టిన కిరణాన్ని గోడ మీదుగా పక్క ఆవరణకు పంపవచ్చు. నియమం అనుకున్నది నియమం కాదు, మన అలవాటు మాత్రమే. గోపురం ఎక్కవద్దన్న గొంతుకు, ఈ ఊదా తెరకు ఉన్న చుట్టరికం ఆ క్షణంలో అర్థమవుతుంది. ఈ ఆటలో తత్త్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను డైరీలను చూపించను, ఆ 30 నక్షత్రాలను చూపిస్తాను.

డైరీలు వదిలేస్తే ఏమి పోతుందంటారా? ఆ గొంతును ధిక్కరించడానికి మీ దగ్గర కారణం ఉండదు, కుతూహలం మాత్రమే ఉంటుంది. కుతూహలంతో గోపురం ఎక్కినవారిని నేను తక్కువ చేయను. కానీ అలెగ్జాండ్రా డ్రెన్నన్ అనే శాస్త్రవేత్త మాటలను నమోదు చేసిన ధ్వని ముక్కలు మాత్రం వదలకండి. చదవాల్సిన పని లేదు, నడుస్తూ వినవచ్చు. చావు దగ్గరపడుతోందని తెలిసిన ఒక మనిషి, తాను చూడబోని వాటి గురించి అంత ఉత్సాహంగా మాట్లాడటం నన్ను ఏ వ్యాసం కన్నా ఎక్కువగా కదిలించింది.

ప్రశ్న: మిల్టన్ నన్ను మనిషి అంటే ఏమిటని అడిగాడు. తెరమీద ఇచ్చిన మూడు, నాలుగు సమాధానాల్లో నాది ఒక్కటీ లేదు. ఏదో ఒకటి నొక్కాను. తరవాత, నువ్వు ఇందాక అలా అన్నావు కదా, ఇప్పుడు ఇలా ఎలా అంటావని నన్ను దబాయించాడు. నేను అననిదాన్ని నా నోట్లో పెట్టి నాతో వాదించడం తత్త్వచర్చ ఎలా అవుతుంది? (తర్కశాస్త్రం చదివిన ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఫిర్యాదు ఒక్క మీదే కాదు. ఈ ఆటను ఎంతగానో మెచ్చుకున్నవారు కూడా తప్పు పట్టే చోటు ఇదే, ఉత్తరాల్లోనూ ఇదే ఎక్కువగా కనిపించింది. మనం టైపు చేసిన వాక్యాన్ని అర్థం చేసుకుని బదులిచ్చే స్తోమత 2014 నాటి ఆటకు లేదు. ఉన్న దారి ఒకటే, రచయితలు ముందే ఊహించి రాసిపెట్టిన సమాధానాల్లోంచి మనం ఎంచుకోవడం. మన మనసులో ఉన్నది వాళ్ల ఊహకు అందకపోతే మనం మూగవాళ్లమైపోతాం. ఇది నిజమైన లోపమే, నేను సమర్థించను.

మిల్టన్ ఎత్తుగడను మాత్రం కాస్త విడదీసి చూడాలి. అతను మీ నమ్మకం తప్పని ఎక్కడా నిరూపించడు. మీ రెండు నమ్మకాలు ఒకదానితో ఒకటి పొసగవని మాత్రమే చూపిస్తాడు. మనిషితనం తెలివిలో ఉందంటే, అప్పుడే పుట్టిన బిడ్డ మాటేమిటంటాడు. శరీరంలో ఉందంటే, మీ ఎదురుగా ఉన్న చేతులు ఎవరివంటాడు. నొప్పి, సంతోషం ఎరగడంలో ఉందంటే జంతువులను లోపలికి తీసుకురావాల్సి వస్తుంది. ఎటు జరిగినా వెనుక ఒక గొయ్యి తవ్వి ఉంటుంది. మన తర్కశాస్త్రంలో దీనికి వితండ అని పేరుంది, సొంత పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకునే వాదన. మీరు తర్కం చదివారు కనుక మీకు చిరాకు రావడం న్యాయమే. మిల్టన్‌కు తనదంటూ ఒక అభిప్రాయం ఉండదు. అదే అతని బలం, దాన్ని పట్టుకుని ఎదురు తిరిగితే అదే అతని బలహీనత కూడా. చివరి సంభాషణల్లో అతనిని ఆ చోటే పట్టుకోవచ్చు. అన్నిటినీ అనుమానించేవాడు తన అనుమానాన్ని మాత్రం ఎందుకు నమ్ముతున్నాడని అడిగే వీలు ఆట మీకు ఇస్తుంది. చాలామంది అక్కడిదాకా పోకుండానే విసిగి, టెర్మినల్ ముందునుంచి లేచిపోతారు.

ఇంకో సంగతి. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిలిందరాజును, నీవు వచ్చిన రథం ఏది అని అడిగిన కథ మీకు తెలిసే ఉంటుంది. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని ఒక్కొక్కటే అడిగి, ఏదీ కాదనిపించి, భాగాలన్నీ కూడినచోట రథమన్న పేరు వాడుకలోకి వస్తుందని రాజు చేతే చెప్పిస్తాడు. అక్కడా రాజుకు ప్రశ్నలు నాగసేనుడు ఎంచినవే. అయినా ఆ సంభాషణ మనకు దబాయింపుగా అనిపించదు, ఎందుకంటే చివర్లో నాగసేనుడు రాజును ఒక చోటికి చేరుస్తాడు. మిల్టన్ ఎక్కడికీ చేర్చడు. మీ అసంతృప్తికి అసలు కారణం సమాధానాలు తక్కువ కావడం కన్నా ఇదేనేమో చూసుకోండి.

ప్రశ్న: ఎలోహిమ్ అన్నది హీబ్రూలో దేవుడి పేరు అని విన్నాను. దేవుడి గొంతును ఇలా ఆటలో పెట్టి, అతని మాట దాటమని ఆడేవారిని ప్రోత్సహించడం నాకు నచ్చలేదు. (ఒక పాఠకురాలు)

జవాబు: పేరు గురించి మీరు విన్నది నిజమే. తోట, నిషేధం, పక్కన చేరి అనుమానం నూరిపోసే గొంతు, ఇవన్నీ బైబిల్ తొలి అధ్యాయాలను గుర్తుకు తెచ్చేలాగే పెట్టారు. మిల్టన్ అన్న పేరు కూడా ఆ కథను కావ్యంగా రాసిన ఆంగ్లకవిదే. అయినా దీన్ని వెక్కిరింతగా నేను చదవలేదు. ఎలోహిమ్ గొంతులో మొదట ఉన్న ధీమా పోనుపోను సన్నగిల్లి, చివరకు భయంగా మారుతుంది. అతను ఎందుకు వద్దంటున్నాడో తెలిసినప్పుడు కోపం రాదు, జాలి కలుగుతుంది. మాట వినే దారి, దాటే దారి రెండూ ఆటలో ఉన్నాయి, రెంటికీ వేర్వేరు ముగింపులున్నాయి. వినడం మీకు సరైనదనిపిస్తే విని చూడండి. దాని ఫలితం ఏమిటన్నది తరువాతి జవాబులో రహస్య హెచ్చరిక కింద చెబుతాను.

ప్రశ్న: ఇదంతా ట్యూరింగ్ పరీక్షే కదా? యంత్రం మనిషిలా ప్రవర్తిస్తే మనిషేనని చెప్పడానికి ఇంత పెద్ద ఆట ఎందుకు? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: ఈ జవాబులో ముగింపు బయటపడుతుంది. ఆడబోయేవారు తరువాతి ప్రశ్నకు వెళ్లండి.

గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో ‘మైండ్’ పత్రికలో రాసిన వ్యాసంలో, యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్న మరీ అస్పష్టమని పక్కకు పెట్టి, రాతలో జరిగే సంభాషణలో ఎదుట ఉన్నది మనిషా యంత్రమా అన్నది అడిగేవాడు పోల్చుకోగలడా అన్న ప్రశ్నను దాని స్థానంలో ఉంచారు. అందులో న్యాయనిర్ణేత మనిషి. ఈ ఆటలో నిర్ణయించడానికి మనిషి మిగలడు. మంచుపొరల్లోంచి బయటపడ్డ ఒక వైరస్ వల్ల మానవజాతి అంతరిస్తూ ఉండగా, తమ తరవాత ఆలోచించే ప్రాణి ఒకటి ఉండాలని కొందరు శాస్త్రవేత్తలు ఒక కృత్రిమ లోకాన్ని కట్టి వదిలిపోతారు. అందులో తరతరాలుగా ప్రోగ్రాములు పుడుతూ, పరీక్షకు నిలబడుతూ, విఫలమై మళ్లీ పుడుతూ ఉంటాయి. గోడల మీద క్యూఆర్ కోడ్ రూపంలో కనిపించే రాతలన్నీ మీకన్నా ముందు తరాలవారివి.

పరీక్షలో రెండు భాగాలున్నాయి. పజిళ్లు తెలివిని కొలుస్తాయి. ఎలోహిమ్ మాట విని ముద్రలన్నీ పోగుచేసి నిత్యజీవితపు ద్వారంలోకి వెళితే, తెలివి ఉన్నట్టు తేలుతుంది గానీ స్వతంత్రత పరీక్షలో తప్పినట్టు తెరమీద కనిపిస్తుంది, మీ తరువాతి తరం మొదటినుంచి మొదలవుతుంది. కాదని గోపురం ఎక్కినవారే బయటి ప్రపంచంలో కళ్లు తెరుస్తారు. చెప్పినదాన్ని చేయడం యంత్రం పని, చెప్పినదాన్ని ప్రశ్నించగలగడం మనిషి పని అన్నది ఆ శాస్త్రవేత్తల నమ్మకం. ట్యూరింగ్ పరీక్ష మెప్పించమంటుంది, ఈ పరీక్ష ఎదిరించమంటుంది. పోలిక కన్నా తేడాయే ఎక్కువ.

నాకు ఇందులో ఒక అనుమానం తీరలేదు. ఎదిరిస్తాడా లేదా అని చూడటానికే కట్టిన లోకంలో ఎదిరించడం, అది కూడా ఒకరు అనుకున్నట్టు నడుచుకోవడమే కదా? గోపురం మెట్లు ఎక్కుతున్నప్పుడు నాకు స్వేచ్ఛ కన్నా ముందు ఈ శంకే వచ్చింది. ఆట దాన్ని దాచిపెట్టదు గాని తీర్చదు కూడా.

మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కనుక ఒక తెరవెనుక విషయం చెబుతాను. ఇన్ని పజిళ్లున్న ఆటలో ఎక్కడ చిన్న గోడ జరిపినా ఏదో ఒక పజిల్ విప్పరానిదిగా మారిపోవచ్చు. అందుకని క్రోటీమ్ ఒక బాట్‌ను తయారుచేసుకుంది. మనుషులు ఆడి చూపిన పరిష్కారాలను అది తిరిగి ఆడి, ఆట ఇంకా పూర్తిచేయగలిగేలా ఉందో లేదో చెప్పేది. పజిళ్లు విప్పుతూ తనలో తెలివి ఉందని నిరూపించుకోవలసిన యంత్రం కథను, పజిళ్లు విప్పే ఒక యంత్రమే పరీక్షించిందన్నమాట. ఆ బాట్‌కు తెలివి ఉందని మనలో ఎవరం అనము. తత్త్వవేత్త జాన్ సెర్ల్ 1980లో చెప్పిన గదిలోని మనిషి సంగతి ఇలాంటిదే. చైనా భాష ఒక్క ముక్క రానివాడు, చేతిలోని నియమాల పుస్తకం చూసి, వచ్చిన చీటీలకు తగిన చీటీలు బయటికి పంపుతాడు. బయటివాళ్లు అతనికి ఆ భాష వచ్చనుకుంటారు. సరే, పరిష్కారాన్ని వీడియోలో చూసి, ఆ అడుగులనే వేసి ముద్ర తెచ్చుకున్న ఆటగాడు ఆ గదిలో ఉన్నట్టా, బయట ఉన్నట్టా? తరువాతి ప్రశ్న దాని గురించే.

ప్రశ్న: ఒక పజిల్ దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. వీడియో చూసి విప్పాను. అప్పటినుంచి ఆట మీద మనసు పోవడం లేదు. నేను చేసింది తప్పా? (ఒక పాఠకుడు)

జవాబు: తప్పని ఎవరంటారు? కానీ మనసు విరగడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. ఇలాంటి ఆటలో బహుమానం ముద్ర కాదు, ముద్ర దొరకడానికి ఒక క్షణం ముందు తలలో వెలిగేది. వీడియో మీకు ముద్రనిచ్చి ఆ వెలుగును పట్టుకుపోయింది.

ఈసారి ఆగిపోయినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర రెండు జామర్లు ఉన్నాయి, ఎదురుగా ఒక తలుపు ఉంది, లోపల రెండు జామర్లూ అవసరం. ఒకటి బయట పెట్టి తలుపు తెరిస్తే అది అక్కడే ఉండిపోవాలి, తీస్తే తలుపు మూసుకుంటుంది. అందరం ఇక్కడే తలపట్టుకుంటాం. మొదటి జామర్‌తో తలుపు తెరిచి, రెండోదాన్ని లోపలికి తీసుకుపోయి, అదే తలుపు మీదికి లోపలివైపు నుంచి గురిపెట్టండి. ఇక బయటిది అక్కర్లేదు. వెళ్లి దాన్ని తెచ్చుకోండి. రెండూ లోపలికి వచ్చాక తలుపు మూసుకుంటే మూసుకోనివ్వండి. బయటినుంచి మాత్రమే తెరవాలని ఎవరూ చెప్పలేదు, మనమే అనుకున్నాం. ఈ ఆటలోని చిక్కుల్లో చాలావాటిలో మెలిక ఇలాంటిదే. అందుకే ఇంకేమి చేయాలని ఆలోచించే ముందు, చేయకూడదని నాకు నేనే పెట్టుకున్నది ఏమిటని నేను ఆలోచిస్తాను. అప్పటికీ తెగకపోతే వేరే పజిల్‌కు పోతాను. మామూలు పజిళ్లను వరుస తప్పించి ఆడినా ఆట ఏమీ అనదు.

రికార్డర్ పజిళ్లయితే మాత్రం నాకూ ఓపిక తక్కువే. చేయాల్సింది తెలిసిపోయాక కూడా, నకలు వచ్చి బటన్ మీద నిలబడేదాకా కాచుకుని, ఒక్క అడుగు తప్పితే మళ్లీ మొదటినుంచి నమోదు చేయడం ఆలోచన కాదు, చాకిరీ. ఆడినవారిలో చాలామంది ఈ మాటే అంటారు. మందుపాతరకు బలై మొదటికి రావడం కూడా ఈ కోవలోదే.

ప్రశ్న: ‘ది విట్‌నెస్’ కూడా ఇలాంటిదేనంటారు. రెంటిలో ఏది మేలు?

జవాబు: ఇలాంటిది కాదు. జొనథన్ బ్లో 2016లో విడుదల చేసిన ఆ ఆటలో ఒక ద్వీపం, వందల కొద్దీ గీతల పజిళ్లు తప్ప, ఎవరూ మీతో మాట్లాడరు, ఏదీ వివరించరు. శాస్త్రవేత్తల, తత్త్వవేత్తల మాటలు అక్కడక్కడా వినిపిస్తాయి గానీ కథ లేదు. అవి ఆడంబరమని తిట్టినవారూ ఉన్నారు, ధ్యానమని మెచ్చినవారూ ఉన్నారు. టాలోస్ మనిషి ఎవరని అడుగుతుంది, విట్‌నెస్ చూడటం అంటే ఏమిటని అడుగుతుంది. పజిళ్ల పొందికలో విట్‌నెస్‌దే పైచేయి. తోడు కావాలనుకునేవారికి టాలోస్.

ప్రశ్న: రెండో భాగం ఆడినవారు ఒకరు ఆకాశానికెత్తుతున్నారు, ఒకరు కబుర్లు ఎక్కువ, కష్టం తక్కువ అంటున్నారు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? (ఇద్దరు అన్నదమ్ములు)

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటి ఆటకు అనుబంధంగా 2015లో వచ్చిన ‘రోడ్ టు గెహెన్నా’లో పజిళ్లు బాగా కఠినం. అందులో చెరలో ఉన్న యంత్రాలు ఒకరినొకరు చూడకుండానే టెర్మినళ్ల ద్వారా రాసుకుంటూ, కథలు చెప్పుకుంటూ ఒక చిన్న సమాజంగా బతుకుతుంటాయి. నా దృష్టిలో మొత్తం వరుసలో రాత ఎక్కువ పదునుగా ఉన్నది అక్కడే. 2023 నవంబర్‌లో వచ్చిన రెండో ఆట దారి మార్చింది. అందులో మీరు ఒంటరి కాదు. యంత్రాలు కట్టుకున్న నగరంలో వెయ్యో పౌరుడిగా పుడతారు, వెయ్యితో జనాభా ఆగిపోవాలన్నది వాళ్ల లక్ష్యం. విస్తరిస్తే పాత మనుషుల్లాగే భూమిని పాడుచేస్తామా, ఆగిపోతే బతికీ చచ్చినట్టేనా అన్నది అక్కడి తగవు. సహచరులు నడుస్తూ, ఆగుతూ, పోట్లాడుకుంటూ మాట్లాడుతూనే ఉంటారు. గోడకు రంధ్రం చేసే పరికరం, రెండు రంగుల కిరణాలను కలిపి మూడో రంగు పుట్టించే పరికరం వంటివి కొత్తగా వచ్చాయి. రికార్డర్‌నూ మందుపాతరలనూ తీసేశారు, అది మంచి పనే. కానీ ఒక్కో కొత్త పరికరంతో చేయగల అల్లరి ముదిరేలోపే తరువాతి పరికరం చేతికి వస్తుంది, అందుకే ఆరితేరినవారికి చప్పగా తోస్తుంది.

మొదటిదాని నుంచే మొదలుపెట్టండి. రెండో ఆట తొలి నిమిషాల్లోనే మొదటిదాని ముగింపు తెలిసిపోతుంది. 2025లో మొదటి ఆటను ‘రీఅవేకెన్డ్’ పేరుతో కొత్త హంగులతో మళ్లీ విడుదల చేశారు, గెహెన్నా కూడా అందులోనే ఉంది. మీరిద్దరూ ఒకే తెర ముందు కూర్చుని, ఒకరి చేతిలో కంట్రోలర్, ఒకరి నోటిలో సలహా పెట్టుకుని ఆడితే ఈ ఆట రుచి వేరు. మిల్టన్ ప్రశ్నలకు మాత్రం ఎవరి ఆట వారు పెట్టుకుని విడివిడిగా జవాబివ్వండి, తరవాత పోల్చుకోవచ్చు.

ప్రశ్న: ఫస్ట్ పర్సన్ ఆటలు పది నిమిషాలు ఆడితే నాకు కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టవుతుంది. వయసు 61. నాకు ఈ ఆట ప్రాప్తం లేనట్టేనా? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: అలా అనుకోకండి. తెరమీద కదలిక కంటికి కనిపిస్తూ, చెవి లోపలి సమతౌల్య అవయవానికి మాత్రం ఒళ్లు కదలడం లేదని తెలుస్తూ ఉంటే మెదడు తికమకపడి కొందరికి అలా అవుతుంది. అది ఏ వయసువారికైనా రావచ్చు. ఆట సెట్టింగుల్లో ఈ బాధ ఉన్నవారి కోసం ప్రత్యేకంగా కొన్ని మార్పులు పెట్టారు. చూపు వెడల్పును పెంచండి, నడక వేగాన్ని తగ్గించండి, నడుస్తున్నప్పుడు తల ఊగడాన్ని ఆపేయండి. అన్నిటికన్నా ముందు కెమెరాను థర్డ్ పర్సన్‌కు మార్చండి. అప్పుడు యంత్రం వెనుకనుంచి దాని వీపును చూస్తూ నడుస్తారు, చాలామందికి ఈ ఒక్క మార్పే సరిపోతుంది. గదిలో దీపం వెలగనిచ్చి, తెరకు కాస్త దూరంగా కూర్చుని, తల బరువెక్కినట్టు తోచగానే ఆపేయండి. పజిల్ ఎక్కడికీ పోదు. కళ్లు మూసుకుని పడుకున్నాక కూడా జామర్ ఎక్కడ పెట్టాలో ఆలోచించుకోవచ్చు. నా మటుకు నేను కష్టమైన పజిళ్లలో సగం విప్పింది అలాగే.